ఉరిత్రాడును ప్రజారక్షణమును

ఘోరమైన నేరమొకటి జరిగినప్పుడెల్ల మన దేశమున ముందుగా బుట్టునది దుఃఖము. దాని వెంట వచ్చునది భయము. ఆ భయమునుండి వెలువడునది “ఉరితీయుడు” అను కేక. ఈ కేకను మేము తేలికగా ద్రోసివేయువారము కాము. చదువుకొనబోయిన యాడబిడ్డ చీకటిపడినను ఇల్లు చేరనిచో వాకిట నిలిచి వీథివంక జూచుచుండెడు తల్లికి శిక్షాశాస్త్ర సిద్ధాంతములు ఊరట గలిగింపజాలవు. ఆమె కోరునది తన బిడ్డ క్షేమము. ఆ కోరిక న్యాయమైనది. అయితే యామె యడుగుచున్న దొకటి, పాలకు లామె చేతిలో బెట్టుచున్నది మఱియొకటి. క్షేమ మడిగినవారికి ఉరిత్రాడు చూపి, ఇదియే మీ క్షేమమని నమ్మించు రాజకీయవాదమును విమర్శించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ఉరిశిక్షను వలదనుట పరదేశములనుండి దిగుమతియైన మెత్తదనమని పలుకువారు కొందఱు కలరు. మన చరిత్ర వారి మాటను నిలువనీయదు. 1931 మార్చి 23వ తేదీన లాహోరు చెఱసాలలో భగత్ సింగు, రాజగురు, సుఖదేవులను ఉరితీసిరి. కొలది దినములకే కరాచీలో గూడిన కాంగ్రెసు మహాసభ, ప్రాథమికహక్కుల తీర్మానమున మరణదండనము రద్దు కావలెనని చేర్చెను. ఆ యేడే బీహారు ప్రతినిధియగు గయాప్రసాద్ సింగు కేంద్రశాసనసభలో నిట్టి బిల్లునే ప్రవేశపెట్టగా, బ్రిటిషు ప్రభుత్వ మెదిరించుటచే నది నెగ్గలేదు. 1944లో తిరువాన్కూరు సంస్థానము తన సీమలో ఉరిశిక్షను దొలగించెను. 1949 జూన్ 3వ తేదీన రాజ్యాంగసభలో అంబేద్కరుగారు, ఉరిశిక్షలపై సుప్రీంకోర్టునకు అప్పీళ్లు గల్పించుటకంటె నా శిక్షనే రద్దు చేయుట మేలనియు, అహింసను ధర్మముగా జెప్పుకొను దేశమునకు నదియే యొప్పుననియు బలికిరి. ఈ వాదము మన యింట బుట్టి, మన పెద్దల నోట పెరిగినది.

స్వతంత్రభారతమున శాసనముకూడ నీ దిక్కునకే మెల్లగా నడిచెను. పూర్వము హత్యకేసులో ఉరి విధింపని న్యాయాధిపతి, ఏల విధింపలేదో కారణము వ్రాయవలసియుండెను. 1955లో నా నిబంధన తీసివేయబడెను. 1973 నాటి క్రొత్త స్మృతి దీనిని దలక్రిందు చేసి, ఉరి విధించువాడే ప్రత్యేకకారణములు చూపవలెనని శాసించెను. 1980లో బచన్ సింగు కేసునందు సుప్రీంకోర్టు, ఉరిశిక్ష చెల్లునని యొప్పుకొనుచునే, అరుదైనవానిలో నత్యంత మరుదైన సందర్భమున దక్క దానిని వాడరాదని తీర్పు చెప్పెను. 2015లో జస్టిస్ ఏ. పి. షా గారి యధ్యక్షతను న్యాయసంఘము తన 262వ నివేదికలో, ఉగ్రవాదము, రాజ్యముపై యుద్ధము అను రెండింటిని మినహాయించి తక్కిన నేరములన్నిటికిని ఉరిశిక్షను రద్దు చేయవలసినదని సలహా యిచ్చెను.

శాసనకర్తలు మాత్ర మీ నడకను వెనుకకు ద్రిప్పిరి. 2012 డిసెంబరులో ఢిల్లీనగరమున నడచుచున్న బస్సులో జరిగిన దారుణమునకు దేశమంతయు గుండె బాదుకొనెను. జస్టిస్ జె. ఎస్. వర్మ, జస్టిస్ లీలా సేథ్, గోపాల సుబ్రహ్మణ్యముగార్లతో నేర్పడిన సంఘము నెలదినములలో విచారణ ముగించి 2013 జనవరి 23న నివేదిక సమర్పించెను. మానభంగమునకు ఉరి విధించుట వలదని యా సంఘము స్పష్టముగా జెప్పెను. పోలీసుశాఖను, ఎన్నికలను, సైన్యమును, వైద్యపరీక్షలను సంస్కరింపవలసినదని విరివిగా వ్రాసెను. ప్రభుత్వము సంస్కరణములలో బెక్కింటిని ప్రక్కనుంచి, సంఘము వలదన్న ఉరినే కొన్ని నేరములకు జేర్చెను. మరల 2018లో పండ్రెండేండ్లలోపు బాలికలపై జరుగు అత్యాచారమునకు ఉరి చేర్చిరి. 2019లో బాలరక్షణచట్టమునకు జేర్చిరి. ఆఱేండ్లలో మూడుమారులు త్రాటిని పొడిగించిన తరువాత, ఆ 2019 నవంబరులోనే హైదరాబాదు చెంతనున్న శంషాబాదువద్ద నొక యువ పశువైద్యురాలిని చెఱచి చంపి కాల్చివేసిరి.

ఆ రాత్రి జరిగినదానిని మన చదువరులు శ్రద్ధతో దలచుకొనవలయును. బిడ్డ కనబడలేదని కుటుంబమువారు ఠాణాకు బరుగెత్తిరి. ఇది మా హద్దు కాదు, ఆ ఠాణాకు బొండని త్రిప్పిరని వారు వాపోయిరి. ఫిర్యాదు నమోదు చేయుటలో నాలస్యము చేసినందులకు ముగ్గురు పోలీసు ఉద్యోగులను పైయధికారులే పనినుండి తాత్కాలికముగా దొలగించిరి. అనగా, ఆ రాత్రి దేశములో ఉరిశిక్షకు గొఱత లేదు. హత్యకు ఉరి 1860 నాటి శిక్షాస్మృతిలోనే యున్నది. కొఱతపడినది, ఫిర్యాదు వ్రాసికొనవలసిన యొక కలమును, వెదకబోవలసిన యొక బండియును.

తరువాత నేమి జరిగెను? డిసెంబరు 6వ తేదీ తెల్లవాఱుజామున షాద్‌నగరు సమీపమందలి చటాన్‌పల్లివద్ద, పోలీసుల యదుపులోనున్న నలుగురు నిందితులును తుపాకి గుండ్లకు గూలిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి, మిఠాయిలు పంచిరి. పొరుగురాష్ట్రపు శాసనసభలోనే యీ కార్యమునకు బ్రశంస లభించెను. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కరు సంఘము నివేదిక 2022 మే నెలలో వెల్లడియయ్యెను. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదనియు, చంపవలెనను నుద్దేశముతోనే కాల్చిరనియు, పదిమంది ఉద్యోగులను హత్యానేరముపై విచారింపవలసినదనియు నది తేల్చెను. చనిపోయినవారిలో ముగ్గురు నాటికి మైనరులనికూడ నా సంఘ మభిప్రాయపడెను. వారు దోషులో కారో న్యాయస్థానమున దేలవలసిన విషయము. ఇక నెన్నటికిని దేలదు. ఠాణాలో నాలస్యమును గూర్చి యడుగవలసిన ప్రశ్నలు పూలక్రింద మఱుగుపడెను. ఆ గుండ్లవలన నిజముగా లాభము పొందినవా రెవరో చదువరులే యాలోచింతురుగాక.

కాల్పులు జరిగిన వారమునకే, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ “దిశ” బిల్లు నామోదించెను. ఏడు పనిదినములలో దర్యాప్తు, పదునాలుగు పనిదినములలో విచారణ, మొత్తము ఇరువదియొక్క దినములలో తీర్పు. నిర్ణాయకమైన సాక్ష్య మున్నచో మానభంగమునకు ఉరి. ఇందు మెచ్చదగిన యంశములు లేకపోలేదు. జిల్లాకొక ప్రత్యేకన్యాయస్థానము కావలెననుట మంచి మాట. అది ఉరి లేకయే చేయదగిన పని. బిల్లునకు రాష్ట్రపతి యామోదము లభింపకపోవుటచే నది చట్టము కాలేదు. కాకున్నను, బిల్లునకు మూలమైన యూహ చావలేదు. 2024 ఆగస్టులో కలకత్తా వైద్యకళాశాలలో నొక వైద్యురాలు హతురాలు కాగా, సెప్టెంబరు 3న పశ్చిమబంగాళ శాసనసభ యదే పోకడను “అపరాజిత” బిల్లు నామోదించెను. ఒండొరుల నొప్పుకొనని రాజకీయపక్షము లీ యొక్క విషయమున మాత్రమే ఏకకంఠమున బలుకుట గమనింపదగినది. ఉరిత్రాటికి ఖర్చు తక్కువ, పొగడ్త యెక్కువ, ఫలితము రాలేదని యడుగువాడుండడు.

శీఘ్రతను గూర్చిన యాశ యెంత యపాయకరమో మన తెలుగునాటి కేసే యొకటి చెప్పుచున్నది. 2007 డిసెంబరులో విజయవాడ చెంత నొక వసతిగృహమున నొక విద్యార్థినిని హత్యచేసిరి. నేరస్థుని బట్టుకొనవలెనని పోలీసులపై నొత్తిడి హెచ్చెను. 2008లో నొక యువకుని బట్టిరి. 2010లో విజయవాడ న్యాయస్థాన మాతనికి యావజ్జీవశిక్ష విధించెను. హతురాలి తల్లిదండ్రులే, ఇతడు నేరస్థుడు కాడు, అసలు దోషులు వేఱుగా నున్నారని మొఱపెట్టుకొనుచు వచ్చిరి. 2017 మార్చి 31న హైకోర్టు సాక్ష్యము నిలువదని యాతనిని నిర్దోషిగా విడిచి, లక్షరూపాయల పరిహారమిమ్మని యాజ్ఞాపించెను. ఎనిమిదేండ్లకుబైగా చెఱలోనున్న యాతడు నడిచి యింటికి వచ్చుటకు గారణ మొక్కటే; ఆతడింకను బ్రదికియుండుట. ఇరువదియొక్క దినముల తీర్పును, దానివెంట ఉరియు నున్నచో, ఆ తల్లిదండ్రుల బాధ తీరియుండెడిదా? అసలు దోషిని వెదకుట యన్నటితో నాగిపోయెడిది. వారి బిడ్డ పేర మఱియొక నిరపరాధి ప్రాణము పోయియుండెడిది.

ఇట్టి పొరపాట్లు క్రిందికోర్టులకే పరిమితములు, పైకోర్టులు సరిదిద్దునని చెప్పుకొందుము. మహారాష్ట్రమందలి నాసికుజిల్లాలో 2003లో జరిగిన హత్యాకాండ కేసు చూడుడు. ఆఱుగురు సంచారజాతుల పేదలకు క్రిందికోర్టు ఉరి విధించెను. హైకోర్టు ముగ్గురికే దానిని నిలిపెను. 2009లో సుప్రీంకోర్టు, విడిచిన ముగ్గురికిగూడ ఉరియే తగునని యాఱుగురకును విధించెను. 2019 మార్చిలో నా సుప్రీంకోర్టే తన తీర్పును మరల విచారించి, ఆఱుగురును నిర్దోషులని తేల్చి, ఒక్కొక్కరికి అయిదేసి లక్షల పరిహారమిప్పించెను. ప్రాణముతో బ్రదికిన సాక్షి తొలుత వేఱు వ్యక్తులను గుర్తించినను పోలీసులు వారిజోలికి బోలేదని యప్పుడు బయటపడెను. దేశమందలి యత్యున్నత న్యాయస్థానమే పదియేండ్ల యెడమున నీ విధముగా రెండు తీర్పులు చెప్పవలసివచ్చినప్పుడు, దిద్దుటకు వీలులేని శిక్షను మనుష్యుల చేతిలో నుంచుట యెట్లు?

ఇక నీ వాదముయొక్క ముఖ్యమైన స్తంభము భయము. ఉరియన్నచో దుర్మార్గుడు జడియునందురు. మనుష్యుడు జడియునది శిక్షయొక్క ఘోరతకంటె దాని నిశ్చయతకు. పట్టుబడుట తప్పదన్నచో నేడేండ్ల చెఱకును జడియును. పట్టుబడుట యదృష్టమునుబట్టి యున్నచో ఉరికిని జడియడు. జాతీయ నేరగణాంకముల ప్రకారము 2019లో, మానభంగపు కేసులలో విచారణ ముగిసినవానిలో శిక్ష పడినవి 27.8 శాతము మాత్రమే. ఫిర్యాదే చేయక యింటిలో మ్రింగుకొన్నవి లెక్కలో రావు. నాలుగింట మూడు కేసులు వీగిపోవుచున్న దేశమున, నాలుగవదానికి శిక్ష నెంత పెంచినను తక్కిన మూడింటి దోషులకు కలుగు భయమేమి? 2020 మార్చి 20న తీహారు చెఱసాలలో ఢిల్లీ కేసు దోషులు నలుగురిని ఉరితీసిరి. అది యిప్పటి తరమువారు మఱువజాలని ఉరి. అయినను నాలుగేండ్లకు కలకత్తాలో వైద్యశాలయే హత్యాస్థల మయ్యెను.

మన పత్రికను జదువు గృహములవారు ముఖ్యముగా నాలోచింపవలసిన దింకొకటి కలదు. చీకటిలో బొంచియున్న యపరిచితుని తలంచుకొని మనము ఉరి నడుగుచున్నాము. గణాంకములు ప్రతి సంవత్సరమును జెప్పునది వేఱు. నమోదైన మానభంగపు కేసులలో నూటికి తొంబదికిపైగా నిందితుడు బాధితురాలికి దెలిసినవాడే: బంధువో, పొరుగువాడో, స్నేహితుడో, పెండ్లియాడుదునని నమ్మించినవాడో. పదేండ్ల బిడ్డ తనపై నెవడు చేయివేసెనో తల్లితో జెప్పగా, ఆ పేరు మేనమామదో పినతండ్రిదో యైనచో, ఆ యింటిలో నేమి జరుగును? ఇప్పుడే పరువు పోవునని నోరు మూయించుచున్నారు. ఆ నోరు విప్పినచో మన వానికి ఉరి పడునన్నచో, అవ్వయు దాతయు మేనత్తయు జేరి యా బిడ్డను మఱింత యడచివేయరా? కఠినశిక్ష బిడ్డకు రక్షణమగుటకు మాఱుగా బిడ్డ నోటికి దాళమగును. అంతేకాదు, చెఱచినను ఉరియే, చంపినను ఉరియే యన్నచో, దుర్మార్గుడు తన్ను గుర్తింపగల యొక్కతె సాక్షిని బ్రదుకనిచ్చుట కేమి కారణము మిగులును? వర్మసంఘమువారికి ఉరి వలదని విన్నవించినవారిలో స్త్రీల హక్కులకై యేండ్లతరబడి పనిచేసిన సంఘము లుండుట యూరక జరిగినది కాదు.

ఈ త్రాడు ఎవరి మెడకు బడుచున్నది? ఢిల్లీలోని జాతీయ న్యాయవిశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన పరిశీలనము ప్రకారము, ఉరిశిక్ష పడిన ఖైదీలలో 74.1 శాతము ఆర్థికముగా నిస్సహాయులు. మంచి వకీలును బెట్టుకొనగలవాడు ఉరిదాక వచ్చుట యరుదు. క్షమాభిక్ష సయితము కాలమునుబట్టి, సింహాసనమునుబట్టి మాఱుచున్నది. ఆదిలాబాదు జిల్లాకు జెందిన భూమయ్య, కిష్టాగౌడులను విడువుడని దేశవిదేశముల మేధావులు వేడినను, అత్యవసరపరిస్థితి కాలమున 1975 డిసెంబరు 1న హైదరాబాదులో ఉరితీసిరి. 1993లో చిలకలూరిపేటవద్ద బస్సుదహనమున నిరువదిముగ్గురు చనిపోయిన కేసులో ఉరి పడిన యిద్దఱు దళితయువకులను, రచయితలును పౌరహక్కులవారును జేసిన మొఱ యాలకించి 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్‌గారు ఉరినుండి తప్పించిరి. రెండవ నిర్ణయమునకు మేము సంతసింతుము. కాని ఒక ప్రాణము నిలుచుటయు బోవుటయు నే యేట నెవరు గద్దెపై నున్నారనుదానిపై నాధారపడినచో, దానిని న్యాయమనుటకు నోరురాదు.

ప్రతిపక్షమువారి మాటలలో మేము మిక్కిలి గౌరవించునది యొకటి కలదు. బిడ్డను బోగొట్టుకొన్నవారి కేమి సమాధానము చెప్పుదురని వా రడుగుదురు. యావజ్జీవమనగా నాలుగేండ్ల తరువాత పూలమాలలతో బయటికి వచ్చుటయా యనికూడ నడుగుదురు. ఆ యనుమానమునకు గారణము లేకపోలేదు. 2002 నాటి గుజరాతు మారణకాండలో మానభంగములు, హత్యలు చేసి యావజ్జీవశిక్ష పడిన పదునొకండ్రను 2022 ఆగస్టులో ముందుగా విడిచిపెట్టిరి. వారికి దండలు వేసిన దృశ్యము దేశమంతయు జూచెను. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను గొట్టివేసి వారిని మరల చెఱకు బంపెను. బాధితులు మోసపోవుట ఇచ్చటనే. ఉరి లేకపోవుటవలన గాదు, విధించిన శిక్షను బాలకులు తమ యిష్టమువచ్చినట్లు తగ్గించుటవలన. అతిఘోరనేరములకు, ఇన్నియేండ్లవఱకు, అవసరమైనచో జీవితాంతము, ముందువిడుదల కూడదని విధించు నధికారము పైకోర్టులకు గలదని 2015లో సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము స్థిరపఱచెను. సమాజమునకు రక్షణ మందున్నది; పొరపాటు తేలినచో దిద్దుకొను వీలును నున్నది. ఉరియందు లేని దీ రెండవదే.

కావున ఓట్లడుగ వచ్చినవారు ఉరిని గూర్చి గంభీరముగా బలికినప్పుడు మన గృహిణులును, గృహస్థులును వారి నడుగవలసిన ప్రశ్నలు వేఱుగా నున్నవి. ఫిర్యాదు నమోదు చేయని పోలీసునకు చెఱశిక్ష 2013లోనే శాసనమున జేరినది. 2024 జూలై 1 నుండి యమలులోనున్న భారతీయ న్యాయసంహితలోను నున్నది. మీ పాలనలో నా నిబంధనక్రింద నెందఱు శిక్షింపబడిరి? నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు స్వీకరింపవలయునను నియమమును మా యూరి ఠాణాలో పాటించుచున్నారా? సాక్ష్యములను బరీక్షించు శాలలలో పనివా రెందఱు, ఖాళీ లెన్ని? న్యాయాధిపతుల పీఠము లెన్ని శూన్యముగా నున్నవి? చీకటిపడిన తరువాత కళాశాల మొదలుకొని బస్సునిలయమువఱకు దీపములున్నవా? ఫిర్యాదు చేసిన పిల్లకు తలదాచుకొనుటకు చోటున్నదా, సాక్షికి రక్షణ యున్నదా? ఈ ప్రశ్నలకు జవాబిచ్చుటకు డబ్బును, ఓర్పును, ఏండ్లతరబడి శ్రమయును గావలయును. ఉరిబిల్లున కొక్క మధ్యాహ్నము చాలును. అందువలననే మొదటివి వెనుకబడి, రెండవది ముందునకు వచ్చుచున్నది.

మన వంతుగూడ కొంత కలదు. బిడ్డ చెప్పిన మాట నమ్ముట, పరువు పేర నోరు మూయింపకుండుట, మగపిల్లలకు చిన్ననాటనే మర్యాద నేర్పుట, ఠాణాకు బోవు పొరుగింటి తల్లికి తోడుగా నడుచుట, ఇవి శాసనసభ చేయజాలని పనులు. వీనిని జేయుచు, పాలకులచేత వారి పనిని జేయించుకొనుటయే ప్రజారక్షణము. శంషాబాదు రాత్రి ఆ కుటుంబమున కవసరమైనది ఆ మఱుదినపు ఉరి కాదు, ఆ గడియలో తెఱచియున్న ఠాణా తలుపు. ఆ తలుపు ప్రతి యూరను, ప్రతి రాత్రియు, ప్రతి తల్లికిని దెఱచియుండునట్లు చేయు శాసనకర్తయే మన యోటునకు దగినవాడు.